గుండంలో నిలబడ్డ కాళ్లు

“కళ్లు మూసుకోండి అంకుల్. కాలికి ఏదైనా తగిలినట్టు తెలిస్తే ‘ఆఁ’ అనండి, అంతే,” అంది లిడియా అనే ఆ ల్యాబ్ అమ్మాయి, మంచం చివరికి స్టూలు లాక్కుని కూర్చుంటూ.

ఖాదర్ వలి కళ్లు మూసుకున్నాడు. పొద్దుట్నుంచీ ఇలాంటివి చాలానే అయ్యాయి. రక్తం తీశారు, బీపీ చూశారు, ఛాతీ మీద చల్లటి జిగురు పూసి తీగలు అంటించారు, గోడ మీద అక్షరాలు చదివించారు. అన్నిట్లోకీ సుళువైన పని ఇదే అనుకున్నాడు. ఏసీ గొణుగుతోంది. కిటికీ కింద బ్రాడీపేట వీధిలో ఆటోవాడెవడో హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు. కోచింగ్ పిల్లలు గుంపుగా నవ్వుకుంటూ పోతున్నారు. ఈ అమ్మాయి ఇంకా మొదలుపెట్టలేదు. సామాను వెతుక్కుంటోందేమో, తొందరపెట్టడం ఎందుకు అని ఓపిగ్గా ఆగాడు. చివరికి ఉండబట్టలేక, కళ్లు తెరవకుండానే, “ఎప్పుడు మొదలుపెడతావమ్మా?” అని అడిగాడు.

“అయిపోయిందంకుల్. రెండు కాళ్లూ చూసేశాను.”

కళ్లు తెరిచాడు. ఆమె చేతిలో పెన్నులాంటి పిడి, దాని కొసన గాలపు దారంలాంటి నైలాన్ పోగు. ఆ పోగుతో తన అరికాళ్లు, వేళ్లు, మడమలు అన్నీ పొడిచి చూసిందన్నమాట. తను ఒక్కసారి కూడా ‘ఆఁ’ అనలేదు. ఆమె మొహంలో ఏమీ లేదు. రోజూ చూసేవాళ్ల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. తర్వాత రెండు కొమ్ముల ఇనప పుల్ల ఒకటి తీసి, అరచేతి మీద కొట్టి, అతని మణికట్టు ఎముక మీద ఆనించింది. జుమ్మంది. కొట్లో దూది మిషను తిరుగుతున్నప్పుడు దాని చెక్క మీద చెయ్యి వేస్తే అచ్చం ఇలాగే జుమ్మంటుంది. “ఇది ఆగిపోగానే చెప్పండి,” అని దాన్ని తీసి కాలి బొటనవేలి మీద పెట్టింది. “ఆగిపోయింది,” అన్నాడు వెంటనే. లిడియా అదే పుల్లని మళ్లీ మణికట్టు మీద పెట్టింది. అది ఇంకా మోగుతూనే ఉంది.

“బయట కూర్చోండి అంకుల్. బ్లడ్ రిపోర్టు రావడానికి ఇంకో గంట పడుతుంది. డాక్టరుగారు పిలుస్తారు.”

వరండాలో కుర్చీల వరస. కూతురు సైమా మధ్యలో ఒక కుర్చీ మీద బ్యాగు పెట్టి తనకోసం ఆపింది. ఈ పరీక్షలన్నీ దాని పుణ్యమే. ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్లో ఆఫీసు పని చేస్తుంది. ఉద్యోగులకీ వాళ్ల అమ్మానాన్నలకీ ఏడాదికోసారి చెకప్ ఉంటుందని, ఊరికే పోగొట్టుకోవడం ఎందుకని నెల్నుంచి పోరు పెట్టింది. నాకేం రోగమే అన్నాడు. రోగం ఉంటే ఆస్పత్రికి పోతారు నాన్నా, చెకప్‌కి పోయేది లేనప్పుడే అంది. ఆ మాటకి జవాబు దొరక్కే పొద్దున్నే పర్చూరులో బస్సెక్కాడు. దారి పొడుగునా కల్లాల్లో మిరప ఎర్రగా పరిచి ఉంది, బస్సంతా దగ్గుతూ, తుమ్ముతూ చిలకలూరిపేట దాటింది, తనూ దగ్గాడు, ముక్కు బాగానే పనిచేస్తోంది, గొంతు పనిచేస్తోంది, చెయ్యి పనిచేస్తోంది. “ఏమన్నారు నాన్నా?” అంది సైమా. “ఏమంటారు, బాగానే ఉందన్నారు,” అన్నాడు. ఎందుకు అబద్ధం ఆడాడో తనకే తెలియలేదు.

ఆస్పత్రి ఆయా తడిగుడ్డతో నేల తుడుచుకుంటూ వచ్చింది. అందరూ కాళ్లు పైకెత్తారు. తనూ ఎత్తాడు. ఆమె పోయాక తడి బండల మీద పాదాలు దించాడు. చల్లగా ఉండాలి. ఏప్రిల్ ఎండలో వచ్చినవాడికి తడి బండ ప్రాణం లేచొచ్చినట్టు ఉండాలి. పక్క కుర్చీలో ముసలాయన రెండు పాదాలూ ఆనించి హమ్మయ్య అనుకుంటున్నాడు. ఖాదర్ వలి బొటనవేలు గట్టిగా అదిమాడు, మడమ అదిమాడు, వేళ్లన్నీ ముడిచి విప్పాడు. కిందికి చూస్తే తన పాదాల తడి ముద్రలు రెండు, వేళ్లతో సహా, చక్కగా పడి ఉన్నాయి. కళ్లకి కనపడుతోంది కాబట్టి నేల ఉన్నట్టు. కళ్లు మూసుకుంటే దూది. ఆ మాట దగ్గర ఆగిపోయాడు. దూది. అవును, దూదే. ఎన్నాళ్లుగా అలా అనిపిస్తోంది? రెండేళ్లా, మూడేళ్లా? నడుస్తుంటే అడుగు నేల మీద కాక దూది పొర మీద పడుతున్నట్టు. ఇంకొకడైతే ఉలిక్కిపడి ఎవరికో చెప్పుకునేవాడు. దూదేకులవాడికి అదేం వింత? పుట్టినప్పట్నుంచీ దూదిలోనే ఉన్నాడు. తాత విల్లు మీటి ఏకాడు, నాన్న విల్లూ మిషనూ రెండూ చూశాడు, తను మిషను కొన్నాడు. కొట్లో నేలంతా బూరుగు దూది, పత్తి నలకలు, పాత పరుపుల్లోంచి దులిపిన బూజు. పగలంతా అందులో తిరిగిన కాలికి రాత్రి ఇంట్లో కూడా దూది అంటుకున్నట్టు ఉంటే, చూశావా, వృత్తి కాళ్లకి ఎలా పట్టేసిందో అని నవ్వుకున్నాడు. ఒకసారి జైతున్‌బీతో అన్నాడు కూడా. “నా మొగుడు గాల్లో నడుస్తున్నాడంట, వినండమ్మా,” అని పక్కింటివాళ్లకి వినపడేలా ఎకసెక్కం చేసింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

పగలు దూది, రాత్రయితే మంట. అదే చిత్రం. పక్క మీద వాలగానే పాదాలు భగభగమనేవి. జైతున్‌బీ ఆముదం రాసేది, వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేది. నిప్పు లేనిచోట మండిన కాళ్లు నిప్పులో ఎందుకు మండలేదు?

ఇటు రాకూడదనే ఇందాకట్నుంచీ మనసు అటూ ఇటూ తిరిగింది. వచ్చేసింది.

పోయిన పీర్ల పండగ. చావిడి ముందు గుండం, రాత్రంతా కాలి నిప్పులైన తుమ్మ మొద్దులు, బూడిద విసరగానే లోపల్నుంచి ఎర్రగా కన్ను తెరిచే కణికలు. డప్పులు. ఊదు పొగ. హస్సేన్ హుస్సేన్ అని అరిచే గొంతుల్లో సాయిబుల గొంతు ఏదో, కమ్మవారి గొంతు ఏదో, మాలపల్లి గొంతు ఏదో ఎవరికీ తెలియదు. పెద్ద పీరు తన భుజం మీద ఉంది. వెండి హస్తం, దాని మీద కప్పిన ఆకుపచ్చ దట్టీలు, పూలు, బరువు మెడనరం మీద పడుతోంది. దిగాడు. ప్రతి ఏడూ దిగినట్టే దిగాడు. దిగగానే చురుక్కుమనాలి, ఆ చురుకుతో కాలు తనంతట తనే లేవాలి. చురుక్కుమనలేదు. రెండో అడుగు. లేదు. ఎవరో నిప్పుల మీద పరుపు పరిచినట్టు మెత్తగా ఉంది. తలొంచి చూశాడు. పాదాల చుట్టూ కణికలు, వేళ్ల సందుల్లో బూడిద, అరికాలి అంచున చిన్న నీలి మంట. చూస్తూ అలాగే నిలబడిపోయాడు. గుండం మధ్యలో. ఎవరూ నిలబడరు అక్కడ. డప్పులు ఆగిపోయాయి. ఒక్క క్షణం ఊరంతా ఊపిరి బిగబట్టింది, తర్వాత ఒక్కసారిగా కేక లేచింది. ఆ కేకకి ఒళ్లు జలదరించింది, కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి, ఎలా కదిలాడో, అవతలికి ఎలా వచ్చాడో గుర్తులేదు. వచ్చేసరికి జనం కాళ్ల మీద పడుతున్నారు. బిందెలతో నీళ్లు పోస్తున్నారు, ఆ నీళ్లు దోసిళ్లతో పట్టుకుని నెత్తిన చల్లుకుంటున్నారు. యాభై ఎనిమిదేళ్లొచ్చేదాకా పరుపులు కుట్టుకుని బతికినవాడు. కొట్టు ముందు నిలబడి బేరమాడి, ఫోము పరుపులే నయమని మొహం మీద చెప్పిపోయినవాళ్లు ఆ రోజు ఆ కాళ్లకి మొక్కారు. నిన్న మొన్నటి దాకా వలీ అన్నవాళ్లు వలి గారూ అన్నారు.

నాన్న ఉంటే ఏమనేవాడో. నాన్న హుస్సేన్ సాహెబ్ పెద్ద పీరు ఎత్తుకున్నన్నాళ్లూ, పండగ మర్నాడు గడప మీద కూర్చుని కాళ్లకి వెన్న రాసుకునేవాడు. బొబ్బలు దాచేవాడు కాదు. “కాలుతుందిరా ఖాదరూ. కాలలేదని ఎవడన్నా చెబితే నమ్మబాకు. కాలుతుంది కాబట్టే ఆగబుద్ధి కాదు. ఆ మంటే నిన్ను అవతలి ఒడ్డుకి తోసేస్తది,” అనేవాడు. ఆ మాట పోయిన పండగ రోజు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. నాన్నకి ఇవ్వనిది నాకిచ్చాడు పీరు అనుకున్నాడు. ఆ అనుకోవడంలో కాస్త తీపి ఉంది. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని తల్చుకుంటే సిగ్గేస్తోంది కానీ, ఆ రోజున తియ్యగానే ఉంది.

మూడో రోజున మడమ కింద పుండు కనపడింది. కనపడింది జైతున్‌బీకి, తనకి కాదు. తెల్ల దుప్పటి మీద పసుపూ ఎరుపూ కలిసిన మరక చూసి, ఏంటిది అంది. దబ్బనం గుచ్చుకుందిలే అన్నాడు. పరుపులు కుట్టే ఇంట్లో దబ్బనం కంటే తేలికైన అబద్ధం ఏముంది? ఆ పుండు దసరా దాటినా ఆరలేదు. గుడ్డ చుట్టుకుని, దాని మీద చెప్పు వేసుకుని, ఎవరూ చూడకుండా పసుపు నూరి పెట్టుకున్నాడు. నిప్పు ముట్టని కాలికి పుండు ఏంటని ఎవరైనా అడిగితే? అంతకంటే ముందు తనని తనే అడిగాడు. గర్వపడినందుకు శిక్ష అని జవాబు చెప్పుకున్నాడు. ఒక్క జబ్బు తప్ప లోకంలో ఉన్న కారణాలన్నీ తోచాయి. తమ్ముడి కొడుకు మాలిక్ జుమ్మా నమాజుకి కలిసినప్పుడల్లా, ఈ గుండాలూ పీర్లూ మన దీన్‌లో లేవు పెదనాన్నా అని మెత్తగా చెబుతాడు. వాడికి ఈసారి తను గట్టిగా సమాధానం చెప్పాడు. “నీకు పుస్తకం చెప్పింది, నాకు నా కాళ్లు చెప్పాయిరా,” అన్నాడు. నమాజుకి ముందు ఉజూ చేసుకుంటూ అన్నాడా మాట, కుళాయి కింద కుడి పాదం పెట్టి, చేత్తో రుద్దుకుంటూ. చేతికి పాదం తెలిసింది. పాదానికి చెయ్యి తెలిసిందా? అప్పుడు చూసుకోలేదు. కళ్ల ముందున్నదాన్ని తెలిసిందా లేదా అని ఎవడు చూసుకుంటాడు?

“నాన్నా, మంచినీళ్లు తాగుతావా? మొహం పాలిపోయింది,” అంది సైమా.

“వద్దులే. పరగడుపున వచ్చాం కదా, అదే.”

“ఇడ్లీ తిన్నావుగా ఇందాక, నాలుగు!”

నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది, ఎందుకంటే జేబులో ఫోను మోగింది, చూస్తే వెంకటరావమ్మక్క. కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. “ఎవరు?” అంది సైమా. “మన వీధి చివర వెంకటరావమ్మ,” అన్నాడు. “పండగ గురించేనా? ఇంకా రెండు నెలలుందిగా. ఆవిడకి తొందర,” అని నవ్వింది పిల్ల.

తొందరే మరి. ఆవిడ బాధ అది. రెండెకరాల మిరప, కొంచెం పొగాకు, ఇంటికి ఒక్కగానొక్క మనవరాలు. పుట్టకముందు మస్తాన్ దర్గాకి మొక్కుకుంది కాబట్టి ఊరంతటికీ మస్తానమ్మ, ఆధార్ కార్డులో వేరే ఏదో పొడుగాటి పేరు. రెండేళ్లు దాటినా ఆ పిల్ల నిలబడదు. కూర్చుంటుంది, నవ్వుతుంది, చెయ్యి చాపితే వేలు పట్టుకుంటుంది, నిలబెడితే మాత్రం కాళ్లు రెండూ తడిసిన ఒత్తుల్లా వంగిపోతాయి. తల్లి ఒకసారి డాక్టరుకి చూపిద్దామంటే వెంకటరావమ్మ ఒప్పుకోలేదు. ముందు మొక్కు తీరాలి అంది. ఏం మొక్కు అంటే, పోయిన పండగ రోజు గుండం ఒడ్డున నిలబడి, నిప్పుల మధ్య ఆగిన ఖాదర్ వలి పాదాలు చూస్తూ మొక్కుకున్న మొక్కు. ఈ కాళ్ల మీద నా మనవరాల్ని గుండం దాటిస్తాను, దాని కాళ్లకి బలం ఇవ్వు స్వామీ అని. మర్నాడే కొట్టుకి వచ్చి చెప్పింది. పిల్లని దూది కుప్ప మీద కూర్చోబెట్టింది. అది దూది పీకి నోట్లో పెట్టుకుంటే తను వేలితో తీసేశాడు. “నువ్వు ఎత్తుకుని దాటితే చాలు తమ్ముడూ. పీరు ఒక భుజాన, నా బంగారుతల్లి ఒక భుజాన,” అంది. కాదనలేదు. కాదనాలని అనిపించలేదు కూడా. సంవత్సరం తిరిగొస్తోంది. ఆవిడ పిల్లకి ఆకుపచ్చ గౌను కుట్టించింది.

ఆ పిల్లని ఎత్తుకుని, నేల తెలియని ఈ కాళ్లతో, నిప్పుల్లోకి. కాలు ఎక్కడ పడుతోందో తెలియదు. మొద్దు మీద పడిందో, గుంటలో పడిందో, మడమ మడతపడిందో తెలియదు. పోయినేడు భుజాన వెండి హస్తం ఒక్కటే ఉంది. ఖాదర్ వలికి ఒక్కసారిగా చెమట పట్టింది. మెడ వెనక, వీపు మీద కారుతున్న ప్రతి చుక్కా తెలుస్తోంది.

“ఖాదర్ వలి గారూ!”

డాక్టరు శ్రీరమ్య వయసు సైమా కంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటుందేమో. కాగితాలు తిరగేసింది. మూడు నెలల సగటు షుగర్ అంది, ఉండాల్సినదానికి రెట్టింపు దగ్గర్లో ఉందంది, ఇవాళ నిన్న వచ్చింది కాదు, ఎనిమిది పదేళ్లుగా ఉండి ఉంటుంది అంది. సైమా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. డాక్టరు గొంతు మాత్రం పాలవాడితో మాట్లాడినట్టు మామూలుగా ఉంది. చాలామందికి ఇలాగే బయటపడుతుందండీ, భయపడకండి, మందులతో అదుపులోకి వస్తుంది అంది. తర్వాత లిడియా రాసిన కాగితం చేతిలోకి తీసుకుంది. “కాళ్లలో నరాలు దెబ్బతిన్నాయి. స్పర్శ బాగా తగ్గింది. నడుస్తుంటే దూది మీద నడిచినట్టు ఉంటుందా?”

“నేను దూది మీదే నడుస్తానండి. పరుపుల కొట్టు నాది.”

ఆమె ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకుంది. “ఈ మధ్య కాలికి దెబ్బలు, కాలిన గాయాలు ఏమైనా?”

అతను నోరు తెరిచేలోగా సైమా అందుకుంది. ఏడుపు గొంతులో కూడా గర్వం తొంగిచూసింది. “మా నాన్నకి కాళ్లు కాలవండీ. పీర్ల పండక్కి గుండం తొక్కుతారు. పోయినేడైతే నిప్పుల మధ్యలో నిలబడిపోయారు తెలుసా, ఊరు ఊరంతా...” ఆ మాట అక్కడే ఆగిపోయింది. డాక్టరు కాగితం వంక చూసింది, కాగితం మీంచి అతని మొహంలోకి చూసింది, మళ్లీ కళ్లు దించేసుకుంది. ఆ మర్యాదే ఖాదర్ వలికి గుచ్చుకుంది. అనేసి ఉంటే బాగుండేది. సైమా తలతిప్పి తండ్రి పాదాల వంక చూస్తోంది, పోయినేడు కడిగిన నీళ్లు తనూ నెత్తిన చల్లుకున్న పాదాల వంక. పిల్ల మొహంలో ఏదో మెల్లగా విడిపోతోంది, పాత పరుపు కుట్టు ఒక్కొక్కటే తెగినట్టు.

“పుండు పడింది డాక్టరమ్మా,” అన్నాడు. “ఎవరికీ చెప్పలేదు.”

ఆమె లేచి వచ్చింది. కింద కూర్చుని మడమ చేతుల్లోకి తీసుకుని చూసింది, వేళ్ల సందులు చూసింది. మానింది, అదృష్టం అంది. ఇలాంటి పుండుతో కాలు పోగొట్టుకున్నవాళ్లని వారానికొకళ్లని చూస్తానంది. ఇక వట్టి కాళ్లతో ఎక్కడా నడవొద్దు, ఇంట్లో కూడా చెప్పులు ఉండాలి, రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోవాలి అంది. గుండం మాట ఆమె ఎత్తలేదు. మందుల చీటీ రాసి ఇచ్చింది.

బయటికి వచ్చాక సైమా మందుల షాపుకి దిగింది. అతను మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. గుండం తొక్కనని చెప్పడం కష్టం కాదు. పండగ ముందు రోజు జ్వరం అనొచ్చు. నడుం పట్టేసిందనొచ్చు. మోకాళ్లు అనొచ్చు, ఈ వయసులో మోకాళ్ల నొప్పులంటే ఎవరూ గుచ్చి అడగరు. పీరు ఇంకొకరు ఎత్తుకుంటారు. పోయినేటి మాట మాత్రం అలాగే నిలిచిపోతుంది, నిప్పు ముట్టని కాళ్లు అన్న మాట. తను పోయాక కూడా చెప్పుకుంటారు. సైమా ఎవరికీ చెప్పదు, డాక్టరు పర్చూరు రాదు. మాలిక్ ముందు తల దించుకోనక్కర్లేదు. ఎంత తేలిక. దబ్బనం అన్నంత తేలిక. అని అనుకుంటుండగానే వెంకటరావమ్మ ఏమంటుందో వినపడింది. పోన్లే తమ్ముడూ, నీకు నయమయ్యాక వచ్చే ఏడు దాటిద్దాం అంటుంది. అంటుంది, తప్పకుండా అంటుంది. పిల్లకి మూడేళ్లు నిండుతాయి, ఆకుపచ్చ గౌను పొట్టిదైపోతుంది, ఇంకోటి కుట్టిస్తారు. డాక్టరుకి చూపిద్దామని కోడలు మళ్లీ అంటే, మొక్కు తీరలేదుగా అంటుంది. ఈ కాళ్ల మీద నమ్మకం ఉన్నన్నాళ్లూ ఆ పిల్లని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లరు. తనకి పదేళ్లుగా ఎవరూ చెప్పలేదు, తనూ ఎవరినీ అడగలేదు. దానికి రెండేళ్లే.

ఫోను మూడోసారి మోగింది. ఎత్తాడు.

“ఏం తమ్ముడూ, చచ్చావా బతికావా? కొట్టు తాళమేసుందేంది? ఫోనెత్తవేంది?” వెంకటరావమ్మ గొంతుతో పాటు కల్లంలో కూలీల అరుపులు, మిరపకాయలు గోతాల్లో తొక్కుతున్న చప్పుడు. “పిల్లకి కాళ్లకి వెండి కడియాలు చేయిద్దామనుకుంటున్నా, గుండం దాటేటప్పుడు ఉండొచ్చా కూడదా? నువ్వు చెబితేనే చేయిస్తా.”

“అక్కా, కొంచెం పక్కకి రా. ఒక మాట చెప్పాలి.”

“ఇక్కడ ఎవరున్నార్లే, చెప్పు!”

“నేను పిల్లని ఎత్తుకుని దాటను.”

కూలీల అరుపులు సన్నబడ్డాయి. నిజంగానే పక్కకి వచ్చినట్టుంది. “ఎందుకయ్యా? నేనేమన్నా తప్పు మాట్లాడానా? మైల పడిందా ఏమన్నా?”

“అదేం కాదు. గుంటూరులో ఉన్నా, పరీక్షలు చేశారు. నాకు షుగరంట. ఏళ్ల నుంచీ ఉందంట. కాళ్లు మొద్దుబారిపోయినయ్. సూది పెట్టి పొడిచినా తెలియట్లేదు అక్కా. చెప్పుల్లేకుండా ఇంట్లో కూడా నడవొద్దంది డాక్టరమ్మ.”

“షుగరు నాకూ ఉంది, మా ఆయనకీ ఉంది, ఊళ్లో లేనిదెవరికి? నీ కాళ్లు వేరే తమ్ముడూ. నీ కాళ్లకి నిప్పు అంటదు. నా కళ్లతో చూశా.”

“అంటింది.” పక్క కుర్చీలో ముసలాయన తననే చూస్తున్నాడు, చూడనీ. “అంటింది అక్కా. నాకు తెలియలేదంతే. మడమ కాలిపోయి పుండు పడింది. దసరా దాటాక గానీ మానలా. ఎవరికీ చెప్పలా. మా ఇంట్లోదానికి కూడా అబద్ధం చెప్పా. కాలితే తెలిసేవాడు ఎవడన్నా ఎత్తుకోవాలి పిల్లని. నేను కాదు.”

ఫోను పెట్టేసిందేమోనని చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాడు. పెట్టెయ్యలేదు. అంకెలు కదులుతున్నాయి.

“మరి ఆ రోజు నీ మీదికి వచ్చిందెవరయ్యా?” అంది చివరికి. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు. “నేను ఏడాది నుంచీ ఎవరికి మొక్కుతున్నా?”

ఏం చెప్పాలి? డాక్టరు దగ్గర ఈ ప్రశ్నకి కాగితం లేదు. మాలిక్ దగ్గర ఒక జవాబు ఉంది, అది తనది కాదు. కళ్లు మూసుకున్నాడు. గుండం, కేక, నీళ్లు. నిలబడిపోవడానికి కారణం తెలిసిపోయింది. ఆ తర్వాత? మంట తోసేస్తుందన్నాడు నాన్న. తనకి మంటే లేదు. తోసిందెవరు?

“నన్ను నిలబెట్టింది షుగరే అక్కా, పీరు కాదు. అది తేలిపోయింది,” అన్నాడు మెల్లగా. “నేల తెలియని కాళ్లేసుకుని, అంత బరువుతో, పడిపోకుండా బయటికెలా వచ్చానో మాత్రం నాకిప్పటికీ అంతుపట్టలా. నీ మొక్కు అక్కడ పెట్టుకో. నా కాళ్లకి మాత్రం పెట్టుకోబాకు.”

దూరంగా ఎవరో “పెద్దమ్మా, తాడు!” అని కేకేశారు. ఆవిడ పలకలేదు.

“పుండు పడితే చెప్పకూడదంటయ్యా?” అంది వెంకటరావమ్మ. గొంతులో కోపం తిరిగొచ్చింది, ఎప్పటి కోపమే. “కాళ్లు కడిగిన నీళ్లు నెత్తిన పోసుకున్నామే, ఆ కాలికింత మందు పూసేవాళ్లం కాదా?”

తొమ్మిది నెలల్లో ఆ కాలి గురించి ఎవరూ అడగని మాట అది. అడిగే వీలు తనే ఇవ్వలేదు.

“ఆ డాక్టరమ్మ పిల్లల్ని కూడా చూస్తదా?”

“ఈమె చూడదు. ఇదే వీధిలో పిల్లల డాక్టర్లు చాలామంది ఉన్నారు. సైమాని కనుక్కోమంటా.”

“కనుక్కో. మొక్కు మొక్కే, దాన్నేం నేను వదలను. ఎవడు ఎత్తుకుంటాడో తర్వాత చూద్దాం.” ఒక్క క్షణం ఆగి, ఎవరిమీదో అరిచి, మళ్లీ ఫోన్లోకి వచ్చింది. “రేపు మొదటి బస్సుకి పిల్లనీ తల్లినీ తీసుకుని వస్తా. ఆ గుంటూరు సందులు నాకు తెలియవు. నువ్వే ముందు నడవాలి తమ్ముడూ. చెప్పులేసుకుని.”